గోదావరి పాయల్లో చేపల వేటకీ, పిల్లల ట్యూబ్ రైడింగ్‌కీ ఒకటే అల్యూమినియం బోటు: ఏది తీసుకోవాలి?

దిండి కుర్రోడు

అందరికీ నమస్కారమండి. వశిష్ట పాయలో చించినాడ వంతెన నుంచి అంతర్వేది దాకా తిరగడానికి అల్యూమినియం బోటు చూస్తున్నాం. పొద్దున్నే ఇద్దరం నిలబడి పండుగప్పకి లూర్లు (కృత్రిమ ఎరలు) విసురుకోవాలి. ఎండ ఎక్కాక అదే బోటు వెనక పిల్లల్ని గాలి ట్యూబ్ మీద తాడుతో లాగాలి. మనుషులు ఆరుగురు: పెద్దవాళ్ళు ముగ్గురు, పదేళ్ళు దాటిన పిల్లలు ముగ్గురు. బోటు రేవులో కట్టి ఉంచం, ట్రైలర్ మీద ఇంటికి తెచ్చేస్తాం.

ఎదురుగా మూడున్నాయి. ఒకటి 14 అడుగులది, కింద చదునుగా ఉంటుంది, రివెట్లతో కట్టింది, 30 హార్స్‌పవర్, సెకండ్ హ్యాండ్. రెండోది 16న్నర అడుగుల వెల్డింగ్ బోటు, కింద ఓ మోస్తరు వి ఆకారం, 60 హార్స్‌పవర్. మూడోది 18న్నర అడుగులది, బాగా లోతైన వి, 115 హార్స్‌పవర్. ధర సంగతి మేం చూసుకుంటాం, పనికి ఏది నిలుస్తుందో చెప్పండి.

కోటిపల్లి రేవు

ముందు నీళ్ళు చూసుకోండి, తర్వాత బోటు. మీరు తిరిగే చోట మూడు రకాల నీళ్ళున్నాయి. ఇసుక మేటల మీద మోకాటి లోతు, మధ్య పాయలో లోతు, మొగ (పాయ సముద్రంలో కలిసే చోటు) దగ్గర అల. ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదలని వేసవిలో పాయంతా పోటూ పాటూ మీదే నడుస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో తీరం దగ్గర నీటిమట్టం దాదాపు మీటరున్నర దాకా మారుతుంది. పొద్దున మీరు దాటిన మేటే మధ్యాహ్నం బయటపడి ఉంటుంది.

దీనికి చదును బోటే మేలని చాలామంది అంటారు. ఆ మాట సగమే నిజం. చదును బోటు పావు మీటరు నీళ్ళలో తేలుతుంది, కానీ దించిన మోటారుకి అంతకు రెండింతలు పైగా లోతు కావాలి. వి ఆకారం బోటుకీ మోటారు దించితే కావాల్సిన లోతు దాదాపు అంతే. కాబట్టి మోటారు ఎత్తి గెడ వేసుకుంటూ పోయేటప్పుడే చదును బోటు లాభం. లూర్లు వేసే మనిషికి అది పనికొస్తుంది. ట్యూబ్ లాగేటప్పుడు అస్సలు పనికిరాదు.

ఇక గాలి. ఎండాకాలం మధ్యాహ్నానికి సముద్రపు గాలి దక్షిణం నుంచి పైకి కొడుతుంది. అదే సమయంలో పాటు నీరు కిందకి లాగితే, గాలీ నీరూ ఎదురెదురై నరసాపురం దిగువన పొట్టి పొట్టి అలలు దగ్గర దగ్గరగా లేస్తాయి. చదును బోటు ప్రతి అలకీ చెంపదెబ్బ తిన్నట్టు దబ్బుమంటుంది, ముందు కూర్చున్న పిల్లల వెన్నుకి అది మంచిది కాదు. పైగా మలుపులో పట్టు ఉండదు, పక్కకి జారిపోతుంది. వెనక ట్యూబ్ లాగుతుంటే ఎటు పోతుందో సరంగుకే తెలియదు.

వెనక ట్రాన్సమ్ (మోటారు బిగించే వెనక గోడ) దగ్గర వి కోణం, అంటే డెడ్‌రైజ్, 12 నుంచి 14 డిగ్రీలుండి, ముందుకి వచ్చేసరికి పదునెక్కేదైతే మీ నీళ్ళకి చాలు. 18, 20 డిగ్రీల బోటు సముద్రపు అలలో హాయిగా పోతుంది కానీ, ఆగినప్పుడు ఊగుతుంది. ఇద్దరూ ఒకే పక్కకి వచ్చి చేపని పైకి తీసేటప్పుడు అంచు వంగిపోతుంది. నా ఓటు రెండోదానికి.

ఉప్పాడ ఫైబర్

అల్యూమినియమే ఎందుకండీ? తీరమంతా ఫైబర్ బోట్లే తిరుగుతున్నాయి. ఉప్పుకి తుప్పు బాధ లేదు, ఎక్కడ పగిలినా రెండు గంటల్లో మ్యాట్, రెజిన్ వేసి పూడ్చే మనుషులు ప్రతి రేవులో ఉన్నారు. అల్యూమినియం చిరిగితే ఆర్గాన్ సిలిండర్ ఉన్న వెల్డర్‌ని వెతుక్కోవాలి.

ఎదుర్లంక వెల్డర్

@ఉప్పాడ ఫైబర్ గారూ, రిపేరు మాట ఒప్పుకుంటాను. కానీ రోజూ ట్రైలర్ మీంచి దించి ఎక్కించే బోటుకి బరువు ముఖ్యం. అదే కొలతకి అల్యూమినియం తేలిక, లాగడం సులువు. ఇసుక మేట మీద రాసుకుంటే ఫైబర్‌కి పైపూత కొట్టుకుపోయి లోపలి నారకి నీళ్ళు పడతాయి. అల్యూమినియానికి గీత పడుతుంది, అంతే. ఏటిగట్టు రాళ్ళకి గుద్దుకున్నా సొట్ట పడుతుంది గానీ చటుక్కున పగలదు.

ఇక కుర్రోడి ప్రశ్నకి. రేకు ఏ గ్రేడో కాగితం మీద రాయించుకోండి. నీళ్ళలో మునిగే రేకు 5083 గాని 5086 గాని అయి, వెనక హెచ్116 లేదా హెచ్321 అని ఉండాలి. 5052 కూడా ఫరవాలేదు, రివెట్ బోట్లు ఎక్కువగా దాంతోనే చేస్తారు. 6061 లోపలి పక్కటెముకలకీ, పైపులకీ మంచిది, వెల్డింగ్ వేసిన చోట బలం బాగా తగ్గుతుంది కాబట్టి కింద రేకుకి ఒప్పుకోవద్దు. మిల్ టెస్ట్ సర్టిఫికెట్ (రేకు చేసిన ఫ్యాక్టరీ ఇచ్చే కాగితం) అడిగితే నిజమైన తయారీదారు వెంటనే చూపిస్తాడు.

మందం: 16న్నర అడుగులకి కింద 4 మిల్లీమీటర్లు, పక్కలు 3. అంతా 2 మిల్లీమీటర్లే అంటే ట్యూబ్ లాగే పనికి వద్దు. వెల్డింగ్ తీగ 5183 లేదా 5356 ఉండాలి. 4043 తీగతో 5083 రేకుని అతికితే అతుకు పెళుసవుతుంది, మొదటి సీజన్‌లో తెలియదు, తర్వాత వెంట్రుక లాంటి చీలిక వస్తుంది. కోనసీమ గాలిలో చెమ్మ ఎక్కువ, రేకుని అసిటోన్‌తో తుడిచి, స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్షుతో రుద్ది వెంటనే వెయ్యకపోతే అతుకులో బుడగలు మిగులుతాయి. పైన గ్రైండింగ్ కొట్టి పెయింట్ వేస్తే ఆ బుడగలు కనపడవు. అందుకే అతుకుని నున్నగా అరగదీసిన బోటు కంటే, అతుకు పొలుసులు వరుసగా కనబడే బోటుని నేను నమ్ముతాను.

రివెట్ బోటు చూడ్డానికి వెళ్తే ఈ పరీక్ష చెయ్యండి. ట్రైలర్ మీదే ఉంచి, బయటంతా పొడిబట్టతో తుడిచి, లోపల అయిదు సెంటీమీటర్ల లోతు నీళ్ళు పొయ్యండి. అంతకన్నా ఎక్కువ పొయ్యకండి, చదరపు మీటరుకి 50 కిలోల బరువు పడుతుంది, ట్రైలర్ చెక్కల మధ్య రేకు వంగుతుంది. పావుగంట ఆగి కింద టార్చి వేసి రివెట్ల వరసలు చూడండి. అక్కడక్కడా రెండు మూడు చెమర్చితే మళ్ళీ బిగించవచ్చు. వెన్ను పొడవునా వరసగా కారుతుంటే ఆ బోటు వదిలెయ్యండి. అలాగే మోటారు కాడ పట్టుకుని కిందకీ పైకీ ఊపండి. ట్రాన్సమ్ ఊగితే లోపలి ప్లైవుడ్ కుళ్ళిందన్నమాట.

యానాం ఎలక్ట్రికల్

తుప్పు గురించి నేను రాస్తాను, ఎందుకంటే అల్యూమినియం బోటుని డెల్టాలో చంపేది రాయి కాదు, ఉప్పూ కరెంటూ.

మన పాయల్లో నీళ్ళు ఏడాదంతా ఒకేలా ఉండవు. వేసవిలో బ్యారేజీ గేట్లు దించాక ఉప్పునీరు పైకి ఎగబాకుతుంది. జులైలో ఎర్రనీరు దిగితే మొగ దాకా మంచినీళ్ళే. అందుకని యానోడ్లు (బోటు రేకు బదులు తాము తుప్పు పట్టి అరిగే లోహపు ముక్కలు) అల్యూమినియంవే వేయించండి, అవి రెండింటిలోనూ పనిచేస్తాయి. జింకు మంచినీళ్ళలో పైన పొర కట్టి పనిచెయ్యడం మానేస్తుంది. మెగ్నీషియం ఉప్పునీళ్ళలో ఉప్పులా కరిగిపోతుంది, పోతూపోతూ పెయింట్ కూడా లేపేస్తుంది. యానోడ్ మీద పెయింట్ వెయ్యకూడదు. సగం అరిగితే మార్చెయ్యాలి.

మీ బోటు ట్రైలర్ మీద ఉంటుందన్నారు. అప్పుడు నీళ్ళలో జరిగే నష్టం తక్కువ, బోటు లోపల జరిగేదే ఎక్కువ. రేకుకి ఆనుకుని తడి పట్టి ఉంచేది ఏదైనా, కార్పెట్, స్పాంజి, గోనె, ఇసుక బురద, దాని కింద గాలి ఆడక రేకు తెల్లగా పొడిపొడిగా గుంటలు పడుతుంది. ఫ్లోరు మీద కార్పెట్ వద్దు. విప్పి కడగడానికి వీలైన ఈవీఏ ఫోమ్ మ్యాటు గాని, వినైల్ గాని వెయ్యండి. ఫ్లోరు కింద ప్లైవుడ్‌కి రాగి మందు పట్టించి ఉంటే అది రేకుని తినేస్తుంది. ట్రైలర్ చెక్కలకీ ఇదే మాట.

బిల్జ్‌లో, అంటే నీళ్ళు చేరే బోటు అడుగున, పడిపోయిన సీసపు గుండ్లు, రాగి తీగ ముక్కలు, నాణేలు ఏరెయ్యండి. ఉప్పునీళ్ళు నిలిచిన చోట ఒక సీసపు గుండు కొన్ని నెలలు కూర్చుంటే, ఎత్తి చూసేసరికి సరిగ్గా దాని కైవారంలో గుంట ఉంటుంది. చేపల వాళ్ళ బోట్లలో ఎక్కువ కనబడే నష్టం ఇదే.

బోల్టులు 316 స్టెయిన్‌లెస్ వాడి, రేకుకీ వాటికీ మధ్య నైలాన్ వాషరు, చుట్టూ డ్యూరాలాక్ గాని టెఫ్-జెల్ గాని, అలాంటి తుప్పు ఆపే పూత పూయండి. రాడ్ హోల్డరు బిగించేటప్పుడు అందరూ మర్చిపోయేది ఇదే. కింద రాగి కలిసిన నాచు నిరోధక పెయింట్ అల్యూమినియానికి వెయ్యకూడదు.

వైరింగ్‌లో ప్రతి పరికరానికీ రెండు తీగలు లాగాలి. బోటు రేకునే నెగటివ్‌గా వాడే మెకానిక్‌ని దగ్గరకి రానివ్వకండి. పరీక్ష తేలిక: స్విచ్చులన్నీ ఆపేసి, బ్యాటరీ పాజిటివ్ తీసి, తీగకీ బ్యాటరీకీ మధ్య మల్టీమీటరు మిల్లీ యాంపియర్లలో పెట్టండి. దాదాపు సున్నా చూపాలి. ఏదైనా పారుతుంటే ఫ్యూజులు ఒక్కొక్కటీ తీసుకుంటూ పోండి, ఏది తీస్తే పడిపోతే దొంగ అక్కడే. బిల్జ్ పంపు ఫ్లోట్ స్విచ్ అతుకులు మొదట చూడండి.

ఇంకొకటి: కడగడానికి మంచినీళ్ళంటే మంచినీళ్ళే. అంతర్వేది, ఓడలరేవు వైపు చాలా బోర్లలో నీళ్ళే ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో కడిగి బోటు శుభ్రమైందనుకోకండి. పంచాయతీ కుళాయి గాని, కాలువ నీళ్ళు గాని పట్టండి. ట్రైలర్ ముక్కు ఎత్తి పెట్టి, వెనక డ్రెయిన్ ప్లగ్ తీసి, ఫ్లోరు కింద నుంచి కడగాలి.

దిండి కుర్రోడు

అందరికీ దండాలండి. మూడోదాని మీద మా బావగారికి మనసుంది, పెద్దదైతే పిల్లలకి భద్రం అంటారు. 60 హార్స్‌పవర్‌తో ట్యూబ్ లాగుతుందా అసలు?

నరసాపురం మెకానిక్

లెక్క వేద్దాం. రెండో బోటు రేకు 430 కిలోలనుకోండి. 60 హార్స్‌పవర్ నాలుగు స్ట్రోకుల మోటారు 115. యాభై లీటర్ల పెట్రోలు 37. బ్యాటరీలు, లంగరు, ఐస్ బాక్సు, సామాను 75. మీ ఆరుగురు 345. మొత్తం దగ్గర దగ్గర వెయ్యి కిలోలు. హార్స్‌పవర్‌కి 17 కిలోలు పడుతుంది. 20 లోపుంటే బోటు సుఖంగా ప్లేన్ మీదికి, అంటే నీళ్ళపై జారేలా, లేస్తుంది. ఇద్దరు పిల్లల ట్యూబ్ లాగడానికి సరిపోతుంది. పెద్దవాళ్ళని స్కీ మీద నీళ్ళలోంచి లేపాలంటే మాత్రం 90 కావాలి. బోటు కెపాసిటీ ప్లేటు ఒప్పుకుంటే 75 వేయించండి, మోటారు ఎప్పుడూ చివరి దాకా తిప్పే పని ఉండదు. ప్లేటు మీద రాసిన హార్స్‌పవర్ దాటకండి.

18న్నర అడుగుల బోటు మంచిదే, బావగారి మాట తప్పు కాదు. కానీ రేవుల్లో దాన్ని దించడానికి వాలు సరిపోదు, ట్రైలర్‌తో కలిపి టన్నున్నర దాకా బరువు. రెండు రేవులు మాత్రమే దొరికితే బోటు ఇంట్లోనే ఉండిపోతుంది. మొగ దాటి సముద్రంలోకి వెళ్ళేవాళ్ళకి అది.

ప్రొపెల్లరు ఒకటి కాదు, రెండు కొనండి. నిండా థ్రాటిల్ ఇస్తే ఆర్‌పీఎం మోటారు పుస్తకంలో రాసిన పరిధిలో, చాలా నాలుగు స్ట్రోకుల మోటార్లకి 5000 నుంచి 6000 మధ్య, పై అంచుకి దగ్గరగా రావాలి. పిచ్ (ఒక చుట్టుకి ప్రొపెల్లరు ముందుకి నడిచే దూరం) ఒక అంగుళం తగ్గిస్తే 150, 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. వేటకి ఇద్దరే వెళ్ళే రోజు 13 పిచ్ సరిపోతే, ఆరుగురు ఎక్కి ట్యూబ్ లాగే రోజు 11 వెయ్యండి. అల్యూమినియం ప్రొపెల్లరే చాలు. మేటకి తగిలితే రెక్క వంగుతుంది, గేర్‌బాక్సు బతుకుతుంది. స్టెయిన్‌లెస్ వేస్తే ఆ దెబ్బ లోపలికి పోతుంది.

ఇసుక నీళ్ళు తాగిన మోటారుకి మొదట పోయేది వాటర్ పంపు ఇంపెల్లరు. ఏటా మార్చండి, అది 100 గంటలు తిరిగినా తిరగకపోయినా. పక్కనుంచి వచ్చే నీటి ధార సన్నబడితే వెంటనే ఆపి చూడండి. గుర్రపుడెక్క వేళ్ళు ఇన్‌టేక్ జల్లెడకి చుట్టుకున్నా ఇదే లక్షణం, అప్పుడు గేరు తప్పించి, మోటారు ఆపి, ఎత్తి తీసెయ్యాలి.

పెట్రోలు సంగతి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసినదే వస్తోంది. అవుట్‌బోర్డ్ మోటార్ల పుస్తకాలు ఎక్కువగా 10 శాతం వరకే ఒప్పుకుంటాయి. మీ మోడల్ పుస్తకం చూసి, డీలర్ దగ్గర రాతపూర్వకంగా అడగండి. ఇథనాల్ చెమ్మని లాగేస్తుంది, నెలల తరబడి ట్యాంకులో ఉంటే నీళ్ళు విడిపడి అడుక్కి చేరతాయి. కాబట్టి 10 మైక్రాన్ల నీరు వేరుచేసే ఫిల్టరు తప్పనిసరి. బోటు పక్కన పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేసి స్కూటర్లో పోసేసుకోండి.

వెనక్కి వచ్చాక 10, 15 నిమిషాలు మంచినీళ్ళతో ఫ్లష్. మఫ్స్ (నీటి ఇన్‌టేక్ మీద తొడిగే రబ్బరు కప్పులు) తగిలిస్తే మోటారు ఐడిల్‌లో నడవాలి, ఫ్లష్ పోర్టుకి గొట్టం పెడితే ఎక్కువ మోడళ్ళలో మోటారు ఆపి ఉంచాలి.

లంక ఆడపడుచు

పిల్లల సంగతి ఎవరూ సరిగ్గా రాయలేదు.

ట్యూబ్ తాడు ట్యూబ్ మీద ఎందరుంటే అంత బలానిది ఉండాలి. ఒకరికి తెగేబలం 680 కిలోలు, ఇద్దరికి 1,080, ముగ్గురికి 1,520. పొడవు 50 నుంచి 65 అడుగులు. లంగరు నైలాన్ తాడు వాడకండి. అది సాగుతుంది, తెగితే వెనక్కి కొరడాలా బోటులోకే వస్తుంది. పైగా మునుగుతుంది, ప్రొపెల్లరుకి చుట్టుకుంటుంది. ట్రాన్సమ్ మీద రెండు కొక్కేల నుంచి బ్రైడిల్ (వి ఆకారపు తాడు) వేసి, దానికి తేలే బంతి ఉన్నది తీసుకోండి. కొక్కేల వెనక లోపలివైపు బలమైన ప్లేటు ఉందో లేదో చెయ్యి పెట్టి చూడండి. సీటు కాడకీ, మోటారుకీ, పక్క క్లీటుకీ కట్టకూడదు.

సరంగు కాకుండా ఇంకో పెద్దవాళ్ళు వెనక్కి తిరిగి కూర్చుని పిల్లల్నే చూడాలి. పదేళ్ళ వాళ్ళకి గంటకి 20, 25 కిలోమీటర్లు చాలు. మలుపులో ట్యూబ్ బోటు కంటే వేగంగా తిరుగుతుంది, స్పీడోమీటరులో 25 ఉన్నా బయటి అంచున అంతకంటే ఎక్కువే. పిల్ల పడిపోతే బోటు తిప్పి నెమ్మదిగా దగ్గరికి వెళ్ళి, మోటారు ఆపేశాకే నిచ్చెన దించాలి. న్యూట్రల్‌లో పెట్టడం చాలదు. నిచ్చెన కనీసం రెండు మెట్లు నీళ్ళలోకి దిగాలి. కిల్ స్విచ్ (లాగగానే మోటారు ఆపేసేది) తాడు నడిపేవాళ్ళ చేతికి ఎప్పుడూ ఉండాలి.

లైఫ్ జాకెట్ బోటులో ఉండటం కాదు, ఒంటి మీద ఉండాలి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగినప్పుడు ఏం జరిగిందో మన జిల్లాల్లో తెలియని ఇల్లు లేదు. పిల్లల కొలతకి, కాళ్ళ మధ్య పట్టీ ఉన్నవి కొనండి. పెద్దవాళ్ళ జాకెట్టు వేస్తే పిల్ల కిందకి జారి అది తల మీదికి లేస్తుంది.

చోటు: కనీసం రెండు మీటర్ల లోతు. పంటు దాటే దారి, స్నానాల రేవు, గుంజలు పాతి వలలు కట్టిన చోటు దగ్గరకి పోవద్దు. ఇసుక ర్యాంపుల పక్కన అసలు వద్దు. తవ్విన గోతులకీ మేటకీ మధ్య ఒక్క అడుగులో లోతు మారిపోతుంది, పడిన పిల్ల నిలబడదామనుకున్న చోట నేల ఉండదు. మొగ దగ్గర పాటు లాగేటప్పుడు ట్యూబ్ మాటే ఎత్తకండి. వరద రోజుల్లో ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి ఇస్తారు, అంటే పది లక్షల క్యూసెక్కులు. అది వచ్చేదాకా ఆగకండి, ఎర్రనీరు రాగానే బోటు షెడ్డులో పెట్టేయండి. అడుగున దుంగలు కొట్టుకొస్తాయి, నీటిలో ఏమీ కనపడదు.

గట్టు మీద గాలం

వేటకి కావాల్సినవి చిన్నగా. ముందు డెక్కు ఇద్దరు నిలబడే వెడల్పు, దాని మీద మెత్త పెడితే పిల్లల సీటైపోయేట్టు. రాడ్ లాకరు ఏడున్నర అడుగులు ఉండాలి, ఏడడుగుల లాకరైతే ఏడడుగుల రాడ్ చిటికెన వేలంత తేడాతో ఇరుక్కుపోతుంది. పక్క అంచు లోపలివైపు మోకాలి పైకి రావాలి. రంగు లేత బూడిద లేదా లేత ఆకుపచ్చ, మెరిసే రేకు వద్దు. మే నెలలో ఆ రేకు మీద చెయ్యి పెట్టలేరు, కళ్ళకీ బాధ. బిమిని పైకప్పు ముడుచుకునేదైతేనే తీసుకోండి, లేకపోతే వెనక నుంచి లూరు విసరలేరు. ముందుకి ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటారు 55 పౌండ్ల థ్రస్ట్, 12 వోల్టులది, ఉప్పునీళ్ళ మోడల్ అడగండి. చదును బోటు ఆగి ఉన్నా అల తగిలి తపతపమంటుంది, నిలకడ నీళ్ళలో పండుగప్ప బెదిరిపోతుంది. వి బోటుకి ఆ గోల తక్కువ.

కోటిపల్లి రేవు

కాగితాల మాట కూడా. 1917 నాటి చట్టం బదులు వచ్చిన 2021 ఇన్లాండ్ వెసల్స్ చట్టం ప్రకారం మోటారు బోటుకి సర్వే, రిజిస్ట్రేషన్, బీమా ఉండాలి. అమ్మేవాడు అవన్నీ చేసిస్తాడా లేదా ముందే తేల్చుకోండి. కోరింగ అభయారణ్యం వైపు వెళ్ళాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. మొగ దాటి సముద్రంలో మోటారు బోటుతో చేపలు పట్టడం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధం.

ఇంకో లెక్క: పొడవుని వెడల్పుతో అడుగుల్లో గుణించి 15తో భాగించండి. 16న్నర, ఆరున్నర అయితే ఏడుగురు. మీరు ఆరుగురు, సామాను ఉంటుంది కాబట్టి అక్కడే ఆపండి. 14 అడుగులది అయిదడుగుల వెడల్పైతే నలుగురే.

దిండి కుర్రోడు

రెండోదే ఖాయం చేసుకుంటున్నామండి, 75 హార్స్‌పవర్ ప్లేటు ఒప్పుకుంటుందో లేదో కనుక్కుని. డబ్బులు ఇచ్చేముందు నీళ్ళ మీద ఏం పరీక్ష చెయ్యాలి?

నరసాపురం మెకానిక్

ఒంటరిగా కాదు, ఆరుగురి బరువూ ఎక్కించి వెళ్ళండి. మనుషులు రాకపోతే 20 లీటర్ల నీళ్ళ డబ్బాలు పెట్టండి. ఆగిన చోటు నుంచి నిండా థ్రాటిల్ ఇచ్చి ప్లేన్ మీదికి ఎన్ని సెకన్లలో లేస్తుందో చూడండి. ముక్కు ఆకాశంలోకి లేచి దిగకపోతే ముందు బరువు చాలట్లేదు, లేదా ట్రిమ్ (మోటారు వాలు) సరిగ్గా లేదు. తర్వాత మధ్య వేగంలో గట్టిగా తిప్పండి. మోటారు ఒక్కసారిగా గీపెట్టి ఆర్‌పీఎం ఎగిరితే గాలి తాగుతోంది, మోటారు ఎత్తులో బిగించారన్న మాట. ప్రొపెల్లరు పైనున్న పలక బోటు అడుగుకి సమానంగా, లేదా ఒక అంగుళం పైన ఉండాలి. స్టీరింగ్ వదిలితే ఒక పక్కకి లాగకూడదు.

ఎదుర్లంక వెల్డర్

ఒడ్డుకి రాగానే బిల్జ్ మూత తీసి చూడండి, పొడిగా ఉండాలి. తర్వాత ట్రైలర్ మీద ట్రాన్సమ్ మూలలు, కింద అతుకులూ టార్చి వేసి ఇంకోసారి. కొత్త చీలిక ఉంటే బరువెక్కాకే బయటపడుతుంది. స్పేర్ డ్రెయిన్ ప్లగ్ ఒకటి తాళంచెవికి కట్టుకోండి, రేవులో దించే ముందు ఆ తాళంచెవి ఎలాగూ చేతిలోకి వస్తుంది.